పసుప్పచ్చ పూలు, పాత చీటీలు

నా ఉద్యోగమంతా ఎండిపోయిన పూలతో, ఎప్పుడో పోయినవాళ్ల చేతిరాతతో. అమెరికా మిడ్‌వెస్ట్‌లో ఒక హెర్బేరియంలో పనిచేస్తాను. మొక్కల్ని నొక్కి ఆరబెట్టి, మందపాటి కాగితాలకు అంటించి, స్టీలు బీరువాల్లో వరసగా దాచే చోటు అది. నాకు అప్పగించిన బీరువాలన్నీ పొద్దుతిరుగుడు కుటుంబానివి. ఈ కుటుంబానికి ఆస్టరేసీ అనీ, కాంపోజిటే అనీ రెండు పేర్లు. మొక్కల పేర్ల నియమావళి ప్రకారం రెండూ చెల్లుతాయి. మా అంతస్తులో మాత్రం అందరూ ముద్దుగా ‘కాంప్స్’ అంటారు.

బంతి, చామంతి, కుసుమ, గుంటగలగర, వయ్యారిభామ, రోడ్డు పక్కన పెరిగే గడ్డిచామంతి, అన్నీ కాంప్సే. ప్రజాతులు 1,600 పైమాటే. జాతులు 25,000కు తగ్గవని అందరూ ఒప్పుకుంటారు, 30,000 దాటాయని చెప్పే లెక్కలూ ఉన్నాయి. పూలు పూసే మొక్కల్లో ఇంచుమించు పదింట ఒకటి ఈ ఇంటిదే.

ఇక్కడి ఫీల్డ్ బోటనిస్టులు వీటిలో చాలా మొక్కల్ని ‘డి.వై.సి.’ అని తిట్టుకుంటారు. ‘డ్యామ్ యెల్లో కాంపోజిట్స్’ అన్నమాట. ఆగస్టులో ఒకసారి ప్రెయిరీలోకి, అంటే ఇక్కడి గడ్డిమైదానంలోకి, అడుగుపెడితే ఆ విసుగు ఎందుకో తెలుస్తుంది. మనిషెత్తు గడ్డి, దాని మధ్య ఎటు చూసినా పసుపు. ఆకుల్ని ఉత్తర దక్షిణాలుగా నిలబెట్టే కంపాస్ ప్లాంట్ ఒక్కటే దూరం నుంచి గుర్తుపట్టనిస్తుంది. మిగతావాటికి కాండం మీద నూగు, ఆకు అంచు, పువ్వు కింద పచ్చటి పొలుసుల వరసలు ఒక్కొక్కటిగా చూసుకోవాల్సిందే. సెప్టెంబరు వచ్చేసరికి ఊరు ఊరంతా తుమ్ముతుంది. నింద గోల్డెన్‌రాడ్ మీద పడుతుంది, బంగారు రంగులో అందరి కళ్లలో పడేది అదే కాబట్టి. పాపం, దాని పుప్పొడి బరువు, జిగురు. పురుగులు మోస్తే తప్ప కదలదు. అసలు దోషి పక్కనే పూసిందో లేదో తెలియకుండా పచ్చగా నిలబడే రాగ్‌వీడ్. గాలికి పుప్పొడి వదిలే రకం. అదీ మా కుటుంబమే అని తుమ్ముల మధ్యే ఎంతమందికి చెప్పానో లెక్కలేదు. ఎవరూ నమ్మరు.

హెర్బేరియంలో పని ఇలా ఉంటుంది. షీటు మీద మొక్క పక్కన ఒక చిన్న కాగితపు పొట్లం అంటించి ఉంటుంది. రాలిన పూలు, గింజలు అందులో వేస్తారు. మొక్క జోలికి పోకుండా ముందు ఆ పొట్లం విప్పుతాం. మనం ఒక పువ్వు అనుకునేది పదులు, ఒక్కోసారి వందల చిన్నపూల గుంపు. చుట్టూ రేకల్లా కనబడేవి కూడా ఒక్కోటీ ఒక్కో పువ్వే. ఆ గుంపులోంచి ఒకదాన్ని పట్టకారుతో లాగి, చిన్న బీకరులో నీళ్లు పోసి, ఒక చుక్క సబ్బుద్రవం వేసి, హాట్‌ప్లేట్ మీద మరిగిస్తాను. వందేళ్ల కిందట ఎండిన పువ్వయినా కాసేపట్లో మెత్తబడి విచ్చుకుంటుంది. దాన్ని గాజుపలక మీద పెట్టి, మైక్రోస్కోపు కింద సూదితో నిలువునా చీలుస్తాను. లోపల ఐదు పరాగకోశాలు అంచులు కలిసి గొట్టమై ఉంటాయి. పుప్పొడి ఆ గొట్టం లోపలికే రాలుతుంది. తర్వాత కీలం, అంటే పువ్వు మధ్యలో ఉండే ఆడ భాగపు కాడ, కింది నుంచి పెరుగుతూ, పిచికారీలో కాడలాగా, ఆ పుప్పొడినంతా పైకి నెడుతుంది. కుటుంబం మొత్తానికీ ఇంచుమించు ఇదే ఏర్పాటు. తేడాలన్నీ చిల్లరమల్లర వివరాల్లో ఉంటాయి. కీలం చీలిక కొసలు మొద్దుగా ఉన్నాయా, మొనదేలాయా? నూగు ఎక్కడిదాకా ఉంది? పరాగకోశాల అడుగున తోకలున్నాయా? గింజ నెత్తిన ఉండే పాపస్ వెంట్రుకలా, పొలుసులా, ముళ్లా, అసలు లేనేలేదా?

ఒకరోజు ఈ పనిలో ఉండగానే తమ్ముడు ఫోన్ చేశాడు.

“ఏం చేస్తున్నావక్కా?”

“పూలు ఉడకబెడుతున్నాను.”

“దానికి వీసా ఇచ్చారా?”

ఆ కీలం కొసల్ని పట్టించుకోండని మొదట గట్టిగా చెప్పినవాడు ఆన్రీ కస్సినీ. పారిస్‌లో పేరున్న ఖగోళ శాస్త్రజ్ఞుల వంశంలో ఐదో తరం. నాలుగు తరాలు ఆకాశాన్ని కొలిస్తే, ఈయన న్యాయమూర్తిగా పనిచేసుకుంటూ తీరిక వేళల్లో కాంపోజిట్ పూలు కోసి చూశాడు. 1832లో కలరాతో పోయాడు. ఆయన గుర్తించిన తెగల్లో, అంటే కుటుంబం లోపలి గుంపుల్లో, చాలావాటిని మేం ఇప్పటికీ వాడుతున్నాం, అదీ డి.ఎన్.ఏ. పరీక్షలన్నీ అయ్యాక కూడా. 1987లో జాన్సెన్, పామర్ అనే ఇద్దరు ఈ కుటుంబం క్లోరోప్లాస్ట్ డి.ఎన్.ఏ.లో ఒక పెద్ద ముక్క తలకిందులై ఉందని చూపించారు. దక్షిణ అమెరికాలోని బార్నడేసియా గుంపులో మాత్రం అది తిరగబడలేదు. దాంతో కుటుంబంలో తొలి చీలిక ఎక్కడ వచ్చిందో తేలింది. నాకు అంతకంటే ఆశ్చర్యం, ఒక జడ్జిగారు చేతిలో ఉన్న పాతకాలపు లెన్సుతో అంత చూడగలగడం.

పూల సంగతి పుస్తకాల్లో నేర్చుకోవచ్చు. చీటీలు చదవడం మాత్రం ఇక్కడ కూర్చునే నేర్చుకోవాలి. షీటు అడుగున కుడి మూల అసలు లేబుల్: ఎవరు, ఎక్కడ, ఎప్పుడు, ఎంత ఎత్తులో కోశారు. దాని పైన వరసగా ‘డెట్’ స్లిప్పులు, అంటే తర్వాత చూసినవాళ్లు ఇది ఏ మొక్కో రాసి అంటించిన చీటీలు. ఒకాయన 1911లో చూసి ఇది ఫలానా అన్నాడు. ఇంకొకాయన 1958లో వచ్చి కాదు, ఫలానా అన్నాడు. 1983లో మూడో ఆవిడ మొదటాయనే కరెక్టు అని రాసింది. పాత చీటీ పీకకూడదు, దాని మీద కొత్తది అంటించకూడదు. తప్పయినా సరే అలాగే ఉంచి, పక్కన మన అభిప్రాయం, పేరు, సంవత్సరం అంటించాలి. ఇంత మర్యాదగా దెబ్బలాడుకునే మనుషుల్ని నేను మరోచోట చూడలేదు.

భారతదేశం షీట్లు కూడా ఈ బీరువాల్లో ఉంటాయి. రాబర్ట్ వైట్ అనే డాక్టరు ఈస్టిండియా కంపెనీ కొలువులో మద్రాసు ప్రాంతమంతా సేకరణ చేయించాడు. ఆయన పోగుచేసిన కాంపోజిట్లను జెనీవాలో డి కాండోల్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు పరిశీలించి పేర్లు పెడితే, అవి 1834లో వైట్ పుస్తకంలో అచ్చయ్యాయి. దక్షిణ భారతంలో ఈ కుటుంబం మీద ఏ చిన్న పని చేసినా ఆ 1834 దగ్గరికి పోక తప్పదు. తర్వాత వైట్ సేకరణలోని అదనపు నమూనాలను 1866-67లో లండన్‌లోని క్యూ తోట వాళ్లు ప్రపంచమంతా పంచారు. ఆ అచ్చు లేబుల్ చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ‘పెనిన్సులా ఇండియే ఓరియెంటాలిస్’ అని ఉంటుంది, అంతే. ఊరు లేదు, కొండ లేదు, తేదీ లేదు. కృష్ణ నుంచి కన్యాకుమారి దాకా ఎక్కడైనా కావచ్చు. మొక్క మాత్రం నిన్న కోసినంత చక్కగా ఉంటుంది.

కొత్తగా సేకరించుకుందామంటే అదో కథ. మన 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం దేశంలోని జీవ వనరుల్ని పరిశోధనకు తీసుకోవాలంటే విదేశీయులు జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ అనుమతి తీసుకోవాలి. చట్టం మూడో సెక్షన్ అదే వరసలో ప్రవాసంలో ఉన్న భారత పౌరుల్నీ చేర్చింది. నా పాస్‌పోర్టు భారతదేశానిదే. అయినా గట్టు మీది గడ్డిచామంతి కోసి షీటుకెక్కించాలంటే నేనూ, జెనీవా నుంచి వచ్చే దొరా ఒకే ఫారం నింపాలి. కోపం రావాల్సిందే కానీ, వైట్ లేబుళ్లు రోజూ చూసేదాన్ని కాబట్టి ఆ చట్టం ఎందుకొచ్చిందో నాకు బాగానే అర్థమవుతుంది. అడక్కుండా పట్టుకెళ్లిన కాలం ఎలా ఉంటుందో నా టేబుల్ మీదే ఉంది.

ఇక పేర్ల సంగతి. ‘మీరు ఊరికే పేర్లు మారుస్తుంటారెందుకు?’ అని ప్రతివాళ్లూ అడుగుతారు, తోటమాలుల నుంచి మందుల కంపెనీల వాళ్ల దాకా. మా ఇష్టానికి మార్చేదేమీ లేదు. 1753 మే 1న మొదలయ్యే లెక్కలో ఒక మొక్కకు సక్రమంగా అచ్చయిన పేర్లలో మొదటిదే నిలుస్తుంది. పేరు ఏదైనా ఒక ఆధార నమూనాకి కట్టి ఉంటుంది. దాన్నే టైపు అంటాం, ఎర్ర ఫోల్డరులో వేరుగా దాస్తాం. 1958 నుంచి టైపు చెప్పకుండా కొత్త జాతి పేరు పెడితే చెల్లదు. 2011 చివరిదాకా కొత్త జాతి వర్ణన లాటిన్‌లో రాయాల్సి వచ్చేది. 2012 నుంచి ఇంగ్లీషు కూడా ఒప్పుకున్నారు. లాటిన్ కోసం రాత్రులు మేల్కొన్న మా సీనియర్లకి అది కాస్త బాధే.

సహదేవి మొక్కనే చూడండి. 1753లో లిన్నేయస్ దాన్ని కొనైజా సినీరియా అన్నాడు. 1829లో లెస్సింగ్ వెర్నోనియాలోకి మార్చాడు. నేను కాలేజీలో చదువుకున్న పేరు అదే. 1990లో వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ మ్యూజియంకి చెందిన హెరాల్డ్ రాబిన్సన్ సయాంథిల్లియంలోకి తెచ్చాడు. వెర్నోనియా పేరు ఒక అమెరికా మొక్కకి కట్టి ఉంది. ఆ మొక్కకీ, ఆసియా, ఆఫ్రికాల్లో అదే పేరుతో తిరుగుతున్నవాటికీ దగ్గరి చుట్టరికం లేదని తేలింది. కాబట్టి పేరు ఇక్కడే ఉండిపోయింది, అక్కడివాటికి వేరే పేర్లు వెతకాల్సి వచ్చింది. మొదట్లో వెయ్యి దాకా జాతులున్న ప్రజాతిని ఇలా ముక్కలు చేయడం నాకు నచ్చలేదు. మైక్రోస్కోపు కింద పుప్పొడి గింజలు చూశాక నోరు మూసుకున్నాను. గింజ మీది గట్లు, ముళ్లు ఒక్కో గుంపుకి ఒక్కో తీరు.

నియమం మరీ మొండికేస్తే దాన్ని వంచే దారీ ఉంది. పాత లెక్క ప్రకారం క్రిసాంథిమం అనే పేరు మధ్యధరా తీరపు మొక్కకి పోయి, పూలమ్మేవాళ్ల చామంతి డెండ్రాంథిమా అయి కూర్చుంది. తోటల వాళ్లు గగ్గోలు పెట్టారు. చివరికి 1990ల్లో టైపునే మార్చి, చామంతికి దాని పేరు దానికి ఇచ్చేశారు. సరైన పనే చేశారని నా అభిప్రాయం. కోట్లమంది నోట్లో ఉన్న పేరుని ఒక ఫోల్డరు కోసం పీకడం తెలివైన పని కాదు.

ఉద్యోగ జీవితం మిగతావాళ్లలాంటిదే. హెచ్1బి, మూడేళ్లకో పొడిగింపు, దాని చుట్టూ టెన్షన్. ఉద్యోగం పోతే చేతిలో మహా అయితే 60 రోజులు. సాఫ్ట్‌వేర్ వాళ్లయితే ఆ గడువులో ఇంకోటి వెతుక్కుంటారేమో. కాంపోజిట్లు చూసేవాళ్ల కోసం దేశం మొత్తం మీద ఏడాదికి వచ్చే ప్రకటనలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. 2024 ఫిబ్రవరిలో డ్యూక్ యూనివర్సిటీ ఎనిమిది లక్షల పైచిలుకు నమూనాలున్న తన హెర్బేరియాన్ని మూసేస్తామని ప్రకటించినప్పుడు మా అంతస్తులో ఆ రోజు ఎవరూ పని చేయలేదు. గ్రీన్‌కార్డు కాగితాలకి ‘నీ పనిని ఎంతమంది ఉటంకించారు’ అని లాయరు అడుగుతారు. ఒక జాతికి పేరు పెడితే, ఆ పేరు రాసిన ప్రతిచోటా వెనకాల పెట్టినవాళ్ల పేరు కూడా రాస్తారు. కానీ అది చివర్లో రిఫరెన్సుల జాబితాకి ఎక్కదు గనక లెక్కలోకి రాదు. ఇది లాయరుకి చెప్పి ఒప్పించడం కంటే పుప్పొడి గట్లు లెక్కపెట్టడం తేలిక.

ఆ వెనకాల రాసే పేరుకీ ఒక పద్ధతుంది. లిన్నేయస్‌కి ఒక్క ‘ఎల్’ చాలు, డి కాండోల్‌ది ‘డి.సి.’, రాబిన్సన్‌ది ‘హెచ్.రాబ్.’ ఇద్దరికి ఒకటే ఉండకూడదు. నా వంతు వచ్చేసరికి పాస్‌పోర్టులో సర్‌నేమ్ దగ్గరున్న ఇంటిపేరు అందులోకి ఎక్కింది. ఆ ఇంటిపేరుతో నన్ను పుట్టి బుద్ధెరిగాక ఒక్కరూ పిలవలేదు. మా క్యూరేటరు మాత్రం దాన్నే ముద్దుగా పలుకుతారు. డెబ్బై దాటిన ఆయన్ని నేను ఫస్ట్‌నేమ్‌తో పిలవాలట. నోరు తిరగడానికి చాలాకాలం పట్టింది. ఇప్పటికీ మెయిల్లో ‘డాక్టర్’ తగిలిస్తాను.

ఇప్పుడు నా టేబుల్ మీద ‘ఇండెట్.’, అంటే ఏదో తేలనిది, అని రాసి దశాబ్దాలుగా పడున్న వెర్నోనియా తెగ షీటు ఒకటుంది. వేరే హెర్బేరియం నుంచి అప్పుగా తెప్పించింది. రాగానే ఎండు మొక్కల్ని తినే బీటిల్ పురుగులు చావాలని పెట్టెతో సహా డీప్‌ఫ్రీజర్‌లో పెట్టి తీశాం. కొత్త జాతుల్లో ఎక్కువ అడవిలో కాదు, ఇలాంటి బీరువాల్లోనే దొరుకుతాయి. 2010లో వచ్చిన ఒక అధ్యయనం చూస్తే, కోసిన ఐదేళ్లలోపు పేరు పడిన కొత్త జాతులు 16 శాతమే, దాదాపు పాతిక శాతానికి 50 ఏళ్లకు పైగా పట్టింది. ఇది కొత్తదే అని నా నమ్మకం. పాపస్ బయటి వరస దగ్గరి చుట్టాలెవరికీ లేనంత పొట్టిగా ఉంది, కీలం కొసలూ వాటితో కలవడం లేదు. క్యూరేటరుకి చూపిస్తే లెన్సు కిందపెట్టి, “పుప్పొడి చూశావా?” అన్నారు. చూడాలి. స్కానింగ్ ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు బుకింగ్ వచ్చే నెల గానీ లేదు, అప్పు గడువేమో ఈ నెలాఖరుకే. పొడిగించమని మెయిల్ పెట్టాను.