తెల్లవారుజామున ఒక గంట

మోకాలి చిప్పకి అటూ ఇటూ రెండు చిన్న గుంటలుంటాయి. కాలు చాపుకుని చూస్తే కనిపిస్తాయి. యాభై తొమ్మిదేళ్ళు వచ్చేదాకా నేను వాటిని గమనించనే లేదు. 2024లో దసరా వెళ్ళిన వారానికి, ఒక సోమవారం పొద్దున మంచం మీద కూర్చుని చూసుకుంటే ఎడమ మోకాలికి ఆ గుంటలున్నాయి, కుడి మోకాలికి లేవు. బూరె పొంగినట్టు నున్నగా, గుండ్రంగా ఉంది. లోపలి పక్క వేలితో నొక్కితే బయటి పక్క ఉబ్బుతోంది.

నేను ప్రభుత్వ హైస్కూల్లో లెక్కల టీచర్ని. ఇల్లు విజయవాడ కృష్ణలంకలో. యాభై ఒకటో ఏట షుగర్ బోర్డర్‌లో ఉందంటే నడక మొదలుపెట్టాను. అది ఎప్పుడు పరుగైందో చెప్పలేను గానీ, ఏడాది తిరిగేసరికి పద్మావతి ఘాట్ మీదుగా ప్రకాశం బ్యారేజీ దాటి, సీతానగరం ఒడ్డు తాకి వెనక్కి వచ్చేదాన్ని. నాలుగున్నరకి లేచి, ఐదు కాకముందే చీకట్లో గుమ్మం దాటేదాన్ని. ఆరయితే ఇంట్లో అందరూ లేస్తారు. అత్తయ్యగారి మందులు, ఆయన కాఫీ, క్యారేజీలు, స్కూలు. రాత్రి పడుకునేదాకా ఎవరో ఒకరు పిలుస్తూనే ఉంటారు. అంతా నా వాళ్ళే, పిలవాలి కూడా. ఆ ఒక్క గంట మాత్రం నన్నెవరూ పిలవరు. ఎడమ పక్క నిండుగా నీళ్ళు, ఎదురుగా కొండమీద అమ్మవారి గుడి దీపాలు, నా అడుగుల చప్పుడు. ఎనిమిదేళ్ళు ఆ గంట మీదే నిలబడ్డాను.

ఆ ఏడాది ముంబై మారథాన్‌లో హాఫ్‌కి పేరిచ్చాను. 2025 జనవరి 19న. ఇరవై ఒక్క కిలోమీటర్లు, బాంద్రా-వర్లి సీ లింక్ మీదుగా. మన బ్యారేజీ మీద పరుగెత్తేదాన్ని, ఒక్కసారి సముద్రం మీద కూడా పరుగెత్తాలని చాలా ఏళ్ళ కోరిక.

2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు ఊరి మీద పడింది. బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులకు పైగా నీళ్ళు వదిలారు. రిటైనింగ్ వాల్ పుణ్యమా అని మా కృష్ణలంక గట్టెక్కింది గానీ, సింగ్‌నగర్లో మా చెల్లి ఇల్లు నడుం లోతు మునిగింది. వాళ్ళందరూ పడవలో బయటపడి మా ఇంటికి వచ్చారు. నీళ్ళు తీశాక చూస్తే ఇల్లంతా బురద. పది రోజులు గొంతుక్కూర్చుని, చీపుర్లతో, రేకు ముక్కలతో గీకి, తట్టలకెత్తి పోశాం. అలా పూర్తిగా మోకాళ్ళు మడిచి కూర్చుంటే లోపలి మెత్త వెనక భాగం మీద చాలా ఒత్తిడి పడుతుందని తర్వాత డాక్టర్ చెప్పారు. చెల్లి ఇంట్లో బురద ఎత్తినందుకు నాకేం బాధలేదు. మళ్ళీ అలాంటిది వస్తే మళ్ళీ ఎత్తుతాను. తప్పు ఆ తర్వాత జరిగింది.

నెల పోయిందన్న కంగారులో, వారానికి ఇరవై కిలోమీటర్ల నుంచి ఒక్కసారిగా ముప్పై ఎనిమిదికి ఎక్కాను. పిల్లలకి నిష్పత్తులు చెప్పేదాన్ని, ఆ లెక్క నా కాళ్ళకి వేసుకోలేదు. అక్టోబరు 20 ఆదివారం ఉండవల్లి గుహల దాకా వెళ్ళి తిరిగొస్తున్నాను. సీతానగరం దగ్గర బ్యారేజీ ఎక్కేచోట ఎదురుగా బండి వస్తే, కుడికాలు నేల మీద ఆనించి చటుక్కున పక్కకి తిరిగాను. మోకాలి లోపల చీపురుపుల్ల విరిగినట్టు టక్కుమంది. పెద్ద నొప్పేం లేదు. ఇంటిదాకా పరుగెత్తుకునే వచ్చాను. మర్నాటికి గుంటలు మాయం.

తర్వాత రెండు వారాలు చేసిన పని తల్చుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది. మందుల షాపులో నొప్పి బిళ్ళలు తెచ్చుకుని, గుడ్డ బిగించి కట్టుకుని, ఇంకో మూడుసార్లు పరుగెత్తాను. బిళ్ళ వేసుకుంటే నొప్పి తెలియదు. నొప్పి తెలియకపోతే ఆగాలని తెలియదు. పైగా ఒళ్ళు చెమట కక్కుతున్నప్పుడు ఆ బిళ్ళలు కిడ్నీల మీద కూడా పడతాయి. నాలాంటి వయసువాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే, పరుగుకి ముందు నొప్పి బిళ్ళ వేసుకోవద్దు. చేతులు పట్టుకుని చెప్పినట్టే అనుకోండి.

దీపావళి అయ్యాక స్కూల్లో మేడ మెట్లు దిగలేకపోయాను. ఎక్కడం పర్వాలేదు, దిగేటప్పుడే ప్రాణం పోతుంది. మెట్టు దిగినప్పుడు మోకాలి మీద మన బరువుకి మూడు రెట్లకు పైగా పడుతుందట. తొమ్మిదో తరగతి పిల్ల ఒకతి వచ్చి, "మేడమ్, నా భుజం పట్టుకోండి" అంది. పట్టుకునే దిగాను.

ఒక ఆస్పత్రికి వెళ్ళాం. ఎమ్మారై తీశారు. అక్కడి డాక్టర్ రెండు నిమిషాలు చూసి, లోపలి పక్క మెనిస్కస్, అంటే ఎముకల మధ్య ఉండే మెత్త, చిరిగిందని, కీహోల్ ఆపరేషన్ చేసి కత్తిరించేస్తే సరిపోతుందని అన్నారు. "ఈ వయసులో పరుగులేంటమ్మా, ఇంక మర్చిపోండి" అని కూడా అన్నారు. బయటికి రాగానే ఒకమ్మాయి ప్యాకేజీ కాగితం చేతిలో పెట్టింది. ఇంటికొచ్చేదాకా ఆటోలో ఎవరం మాట్లాడలేదు.

ఇంట్లో తలో మాట. "గుజ్జు అరిగిపోయుంటుంది వదినా, ఇంక రాదు" అంది ఆడపడుచు. చెల్లి నల్లేరు పచ్చడి చేసి పంపింది. అత్తయ్యగారు వావిలాకు వేసి మరిగించిన నీళ్ళతో రోజూ కాపడం పెట్టించారు. ఎనభై నాలుగేళ్ళ మనిషి నా కాలు దగ్గర కూర్చుని గుడ్డ పిండుతుంటే, ఆ వేడి ఎంతవరకు పనిచేసిందో చెప్పలేను గానీ, ఏడుపు మాత్రం ఆగింది.

మా అమ్మాయి ఊరుకోలేదు. ఫిన్లాండ్ డాక్టర్ల పరిశోధన ఒకటి, 2013లో అచ్చయింది, ఫోన్లో చదివి వినిపించింది. ఇలా వయసుతో చిరిగిన మెనిస్కస్ ఉన్న 146 మందిని రెండు జట్లు చేశారు. ఒక జట్టుకి నిజంగానే చిరిగిన ముక్క కత్తిరించారు. రెండో జట్టుకి గాటు పెట్టి, ఆపరేషన్ చేసినట్టే అన్నీ చేసి, ముక్క మాత్రం ముట్టుకోలేదు. ఏ జట్టులో ఉన్నారో వాళ్ళకి తెలియదు. ఏడాది తర్వాత చూస్తే నొప్పిలో చెప్పుకోదగ్గ తేడా లేదు. "అమ్మా, ఇంకొకరికి చూపిద్దాం" అంది.

గుంటూరులో మా స్కూల్ మాస్టారి ద్వారా ఒక పెద్దాయన దగ్గరికి వెళ్ళాం. ఆయన ఎమ్మారై కవరు తెరవకుండానే ముందు నన్ను పడుకోబెట్టి, మోకాలు మడిచి, పాదం తిప్పి చూశారు. "మడిచిన కాలు చాపబోతే మధ్యలో బిగుసుకుపోతోందా?" అని మూడుసార్లు అడిగారు. లేదన్నాను. చీటీ వెనక బొమ్మ గీశారు. తొడ ఎముకకీ కింది ఎముకకీ మధ్య నెలవంకల్లాంటి రెండు మెత్తలు. బయటి అంచుకి రక్తం అందుతుంది, లోపలి అంచుకి అందదు. అందుకే లోపలి అంచున చిరిగింది తనంతట తాను అతుక్కోదు. "కానీ తల్లీ, యాభై దాటినవాళ్ళకి నొప్పి లేకపోయినా ఎమ్మారై తీస్తే చాలామందిలో ఈ చిరుగు కనిపిస్తుంది. చిరుగుతోనే హాయిగా తిరుగుతుంటారు. చుట్టూ ఉన్న కండ బరువు మోస్తే చాలు. మూడు నెలలు వ్యాయామం చెయ్యి. తగ్గకపోతే అప్పుడు ఆపరేషన్ సంగతి మాట్లాడుకుందాం. బిగుసుకుపోతే మటుకు ఆ రోజే వచ్చెయ్యి" అన్నారు. నేను భయపడుతూ పరుగు సంగతి అడిగాను. "జనవరికి కాదు" అన్నారు. ఇంకెప్పుడూ వద్దని అనలేదు. ఆ రెండు మాటలూ పట్టుకుని గుంటూరు నుంచి ఇంటికొచ్చాను. ముంబై రైలు టికెట్లు ఆ రాత్రే క్యాన్సిల్ చేశారు మా ఆయన.

నొప్పి గురించి చాలా రాశాను గానీ, నన్ను కుంగదీసింది వేరే. నాలుగున్నరకి మెలకువ వచ్చేస్తుంది. ఎనిమిదేళ్ళ అలవాటు. బయటికి వెళ్ళేది లేదు. చీకట్లో అలా పడుకుని ఉంటే, పక్క గదిలోంచి అత్తయ్యగారు, "అమ్మాయ్, లేచే ఉన్నావా? కాసిని వేడి నీళ్ళిస్తావా?" అనేవారు. ఇంట్లో ఉన్నాను కాబట్టి కాఫీ ఐదింటికే మొదలైంది. టిఫిన్ పని ముందుకు జరిగింది. వారం తిరిగేసరికి నా గంట ఎటుపోయిందో కనిపించలేదు. ఎవరూ లాక్కోలేదు. ఖాళీగా కనపడితే నిండిపోయింది. స్కూల్లో పిల్లల మీద అరవడం మొదలుపెట్టాను. నాకు బీపీ పెరిగిందేమోనని మా ఆయన టెన్షన్ పడ్డారు.

ఫిజియోథెరపీ అమ్మాయికి ముప్పై ఏళ్ళు కూడా ఉండవు. రెండో వారం నన్ను చూసి, "ఎక్సర్‌సైజులు ఏ టైముకి చేస్తున్నారు ఆంటీ?" అంది. వీలున్నప్పుడు అన్నాను. "పరుగెత్తేది ఎన్నింటికి?" అంది. చెప్పాను. "అయితే అప్పుడే చెయ్యండి. బట్టలు మార్చుకుని, బూట్లు కట్టుకుని, ఇల్లు దాటి చెయ్యండి."

ఇల్లు దాటడం అంటే మాకు డాబా. మర్నాడు నాలుగున్నరకి లేచి, చాప చుట్టుకుని, రెయిలింగ్ పట్టుకుని ఒక్కో మెట్టూ ఎక్కాను. నవంబరు చలి మొదలైంది. నది కనిపించదు గానీ వాసన వస్తుంది. టవల్ చుట్ట మోకాలి కింద పెట్టి, పది సెకన్లు నేలకి అదమడం, పదిసార్లు. కాలు నిటారుగా లేపి ఉంచడం. వెల్లకిలా పడుకుని నడుం పైకెత్తడం. చివర గోడకుర్చీ.

గోడకుర్చీ గురించి ఒక మాట చెప్పాలి. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఎక్కాలు రాని పిల్లల చేత నేను అది వేయించాను. గోడకి వీపు ఆనించి, కుర్చీ లేకుండా కూర్చున్నట్టు. నాకు ఇరవై సెకన్లకే తొడలు వణికాయి. ముప్పై దాటేసరికి కళ్ళ ముందు ఆ పిల్లల మొహాలు కనపడ్డాయి. పీరియడ్ సగం వేయించిన రోజులున్నాయి. వాళ్ళలో కొందరికి ఇప్పుడు నలభై దాటి ఉంటాయి. చీకట్లో ఆ డాబా మీద వాళ్ళందరికీ మనసులో క్షమాపణ చెప్పుకున్నాను.

ఆ రోజు కిందికి దిగేసరికి ఆరు. కాఫీ మా ఆయన పెట్టేశారు. అత్తయ్యగారు ఏమీ అడగలేదు. ఆ తర్వాత నాలుగున్నరకి మళ్ళీ ఎవరూ పిలవలేదు.

రోజూ పొద్దున అత్తయ్యగారి కుట్టు మిషన్ డ్రాయర్లోని టేపుతో రెండు మోకాళ్ళూ చిప్ప మధ్యలో కొలిచి, గోడ క్యాలెండర్ మీద పెన్సిల్‌తో రాసేదాన్ని. మొదట్లో ఎడమది ముప్పై ఆరున్నర సెంటీమీటర్లు, కుడిది ముప్పై తొమ్మిది. డిసెంబరు మొదట్లో ముప్పై ఎనిమిది. ఒకరోజు స్కూల్లో ఎక్కువసేపు నిలబడితే మర్నాటికి మళ్ళీ ముప్పై ఎనిమిదిన్నర. ఏదన్నా పని మోకాలికి పడిందో లేదో అప్పటికప్పుడు తెలియదు, మర్నాడు పొద్దున చెబుతుంది. పని చేసేటప్పుడు నొప్పి పదికి మూడు మించకపోయినా, తెల్లారి వాపు పెరిగితే నిన్న ఎక్కువైందని లెక్క. ఫిజియో అమ్మాయి చెప్పిన వాటన్నిటిలోకీ నాకు ఎక్కువ ఉపయోగపడింది ఇదే.

జనవరి 19 వచ్చింది, వెళ్ళింది. ఆ పొద్దున డాబా మీద గోడకుర్చీలో అరవై సెకన్లు ఉన్నాను. కాస్త ఏడ్చాను కూడా.

సంక్రాంతికే లోపలి పక్క గుంట వచ్చింది. ముందు నీడలా కనిపించింది, లైటు వేసి చూసి మా ఆయన్ని లేపి చూపించాను. నిద్రకళ్ళతోనే వేలు పెట్టి తడిమి, "వచ్చింది" అన్నారు. బయటి పక్కది ఫిబ్రవరిలో వచ్చింది. గుంటూరు డాక్టర్‌గారు అరగంట నడకకి, అది పడితే నడకలో నిమిషం పరుగుకి ఒప్పుకున్నారు. గట్టు వెంట నాలుగు వారాలు అలాగే గడిపాను.

బ్యారేజీకి 70 గేట్లు. మార్చి ఆఖరి ఆదివారం చీకటితో వెళ్ళి, విజయవాడ వైపు మొదటి గేటు దగ్గర నిలబడ్డాను. పది గేట్లు పరుగు, ఇరవై గేట్లు నడక అని ముందే లెక్క వేసుకున్నాను. అలా అయితే ఆఖరి పదీ పరుగులో వస్తాయి. మొదటి పదీ భయంతోనే గడిచాయి, ప్రతి అడుగూ మోకాలిలోకే విన్నాను. ముప్పై ఒకటో గేటు నుంచి రెండోసారి పరుగందుకున్నప్పుడు నీళ్ళ మీంచి గాలి వచ్చింది. అప్పుడు మోకాలు గుర్తు రాలేదు. అరవై ఒకటో గేటు దగ్గర ఆగి బూటు లేసు బిగించుకున్నాను. ఆఖరి పది గేట్లూ పరుగెత్తి సీతానగరం ఒడ్డు తాకాను. వెనక్కి తిరిగేటప్పుడు మాత్రం పూర్తిగా ఆగి, నాలుగు చిన్న అడుగులు వేసి తిరిగాను. అటునుంచి అంతా నడకే.

మర్నాడు నాలుగున్నరకి లైటు వేసి టేపు తీశాను. ఎడమది ముప్పై ఆరున్నర. కుడిది ముప్పై ఆరున్నర దాటి ఒక చిన్న గీత. క్యాలెండర్ మీద రాసి, చాప చుట్టుకుని డాబా ఎక్కాను.