మాడ్లు ఎక్కడ పెట్టాలి?

ఆదివారం. భోజనం కాగానే స్కైరిమ్ అనే కంప్యూటర్ ఆట ముందు కూర్చున్నాను, ఆడటానికి కాదు, మాడ్లు (ఆటను మార్చడానికి అభిమానులు చేసే చేర్పులు) సర్దడానికి. 2011లో వచ్చిన ఆటను ఇంకా వదల్లేకపోతున్నానంటే ఆ పుణ్యం మాడ్లు చేసి పంచేవాళ్లదే.

మాడ్ ఫైళ్లను విప్పి చేత్తో ఆట డేటా ఫోల్డరులో పడేయవచ్చు. ఒకటి రెండింటికైతే ఆ పద్ధతి చాలు. పదులు దాటాక ఏ ఫైలు ఏ మాడ్‌దో బ్రహ్మదేవుడు కూడా చెప్పలేడు. మాడ్లను సర్దిపెట్టే ప్రోగ్రాముల్లో వోర్టెక్స్ సులువైనదే, ప్లగిన్ల (ఆట చదువుకునే మాడ్ ఫైళ్ల) వరుస కూడా తనే సర్దుతుంది. అయితే మామూలుగా అది హార్డ్‌లింకులతో (ఒకే ఫైలు రెండు చోట్ల కనిపించేలా చేసే లింకులతో) పనిచేస్తుంది కనుక మాడ్ల ఫోల్డరూ ఆటా ఒకే డ్రైవులో ఉండాలి. నా ఎస్‌ఎస్‌డీలో ఆటకే చోటు బొటాబొటి. మాడ్లను రెండో డ్రైవుకు పంపక తప్పదు.

అందుకని అలాంటిదే ఇంకో ప్రోగ్రాము, మాడ్ ఆర్గనైజర్ 2కే ఓటు వేశాను. అది డేటా ఫోల్డరును ముట్టుకోదు. దాని లోపలి నుంచి ఆట తెరిస్తే మాడ్లన్నీ అక్కడే ఉన్నాయని ఆటను నమ్మిస్తుంది. బయటి నుంచి తెరిస్తే అసలు ఆటే వస్తుంది. ఇంత శుభ్రమైన మోసం నాకు భలే నచ్చుతుంది.

ఆటలోని వైట్‌రన్ పట్టణపు వీధి రాళ్లను మార్చే మాడ్లు రెండు పెట్టాను. ఎడమవైపు జాబితాలో వాటి పక్కన మెరుపు గుర్తులు వచ్చాయి: ఒకదానికి ఆకుపచ్చ ప్లస్సు, ఇంకోదానికి ఎర్ర మైనస్సు. కింద ఉన్నదే గెలుస్తుంది. మైనస్సు ఉన్నదాన్ని పట్టుకుని కిందికి లాగితే గుర్తులు తారుమారయ్యాయి. ఆట తెరిచి చూస్తే రాళ్ల సందుల్లో నాచు!

"మామయ్యా, ఇదే ఉంచు" అన్నాడు పక్కనే కూర్చున్న మేనల్లుడు. ఉంచాను.

స్టీమ్‌లో అప్‌డేట్లు ఆట తెరిచినప్పుడే రావాలని పెట్టాను. 2021 నవంబరు అప్‌డేట్‌తో ఎస్‌కేఎస్‌ఈ (మాడ్లకు ఆటలో అదనపు సత్తా ఇచ్చే ప్రోగ్రాము) మీద ఆధారపడిన మాడ్లు ఎన్ని మూలపడ్డాయో తెలిసినవాళ్లెవరూ ఈ పని మరచిపోరు.

ఇక మేనల్లుడి కోరిక: డ్రాగన్లకు బదులు పిల్లల కార్టూన్‌లోని థామస్ రైలింజన్ ఎగిరొచ్చే మాడ్ కావాలట. నా ఆటలోకి అది రావడానికి వీల్లేదు. వాడికి మాడ్ ఆర్గనైజర్‌లో వేరే ప్రొఫైలు (విడి మాడ్ల జాబితా) తెరిచి, సేవ్‌లు కూడా విడిగా ఉండేలా టిక్కు పెట్టాను. రాత్రి భోజనానికి పిలిచేసరికి వాడు రైలింజన్ మీద బాణాలు వేస్తున్నాడు. నేను ఇంకా ఆడటం మొదలుపెట్టనే లేదు.