కంట్రోలర్‌లో పోయింది బ్యాటరీయేనా? – నా అనుభవం

వైర్‌లెస్ గేమ్ కంట్రోలర్ మొరాయిస్తే ఎవరైనా ముందు నిందించేది బ్యాటరీనే. విశాఖపట్నం పెదవాల్తేరులోని మా ఇంట్లో ఒకే వేసవిలో రెండు కంట్రోలర్లు పేచీ పెట్టినప్పుడు మా మేనల్లుడు కూడా, "రెండూ చచ్చిపోయాయి మావయ్యా, కొత్తవి తెప్పించేద్దాం" అని తేల్చేశాడు. కొత్తది ఒక్కొక్కటీ వేలల్లో ఉంటుంది కనుక, లోపం ఫలానా చోట ఉందని రుజువయ్యే వరకు పైసా ఖర్చు పెట్టనని చెప్పి మల్టీమీటర్ బయటికి తీశాను.

రెండింటి సంగతీ ఒకటి కాదు. మొదటిది రెండు పెన్సిల్ సెల్లతో నడిచే ఎక్స్‌బాక్స్ కంట్రోలర్. అందులో మేము మళ్లీ మళ్లీ ఛార్జ్ చేసుకోగల నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్లు వాడతాము. రెండవది ప్లేస్టేషన్ 4 కంట్రోలర్. దాని లోపలే లిథియం అయాన్ ప్యాక్ ఉంటుంది, కంట్రోలర్‌ను విప్పితే తప్ప కనిపించదు. మొదటిది రాత్రంతా ఛార్జ్ చేసిన సెల్లు వేసినా గంట గడవక ముందే ఆగిపోయేది. రెండవదానికి అసలు ఛార్జింగే ఎక్కడం లేదు.

ఎక్స్‌బాక్స్ కంట్రోలర్‌తో మొదలుపెట్టాను, ఎందుకంటే అందులో సెల్లు మార్చి చూడటం తేలిక. దుకాణంలో దొరికే కొత్త ఆల్కలైన్ సెల్లు రెండు వేసి ఆడి చూడమన్నాను. అవి ఛార్జ్ చేసిన సెల్లకంటే చాలా ఎక్కువసేపు నిలిచాయి గానీ, ఆటలో కంట్రోలర్ గట్టిగా అదిరినప్పుడల్లా ఒక్క క్షణం ఆరిపోయి మళ్లీ వెలిగేది. అంటే అక్కడ ఒకటి కాదు, రెండు జబ్బులు ఒకదాని చాటున ఒకటి దాగి ఉన్నాయన్నమాట. కొత్త సెల్లతో కూడా అదురుకు ఆరిపోతోందంటే అది సెల్లలో శక్తి చాలక కాకపోవచ్చు, సెల్లకూ వాటిని తాకే లోహపు కొసలకూ మధ్య స్పర్శ సరిగా లేక కావచ్చు.

వెనక మూత తీసి టార్చి వెలుగులో చూస్తే, రుణధ్రువం వైపున్న స్ప్రింగు మొదట్లో తెల్లని పొడి, దాని అంచున పచ్చటి చిలుము కనిపించాయి. ఎప్పుడో అందులో వదిలేసిన ఆల్కలైన్ సెల్లు కారి ఉంటాయి. వాటి నుంచి కారేది పొటాషియం హైడ్రాక్సైడ్ అనే క్షారం, అది ఆరి తెల్లగా గట్టిపడుతుంది. దానికి తోడు సముద్రానికి ఇంత దగ్గరలో కిటికీలు తెరిచి ఉండే ఇళ్లలో ఉప్పుగాలి ఏ లోహాన్నీ వదిలిపెట్టదు. గేటు గొళ్లాలు, ఫ్యాను రెక్కల మరలు ఏ గతి పడతాయో బీచ్ రోడ్డు చుట్టుపక్కల ఉండే వారికి చెప్పనక్కరలేదు. క్షారానికి విరుగుడు ఆమ్లం కనుక ఇయర్ బడ్‌ను వెనిగర్‌లో తడిపి, బొట్టు లోపలికి జారకుండా బాగా పిండి, ఆ పొడి మీద అద్దాను. నిమ్మరసంతోనూ ఈ పని అవుతుంది గానీ దాని పిప్పీ జిగురూ తుడుచుకోవడం మరొక పని. పొంగు ఆగిన తరువాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో మరోసారి తుడిచి, పూర్తిగా ఆరనిచ్చి, స్ప్రింగును సన్నని పట్టకారుతో కాస్త పైకి లాగాను. కొన్ని రీఛార్జబుల్ సెల్లకు ధనధ్రువపు బొడిపె కాస్త పొట్టిగా ఉంటుంది, వాటికి స్ప్రింగు ఒత్తిడి ఇంకొంచెం కావాలి. ఆరి వెలగడం అంతటితో పోయింది.

గంటకే ఆగిపోయే జబ్బు మాత్రం అలాగే ఉంది. ఇక సెల్ల మీద పడ్డాను. మీటరుతో కొలిస్తే రెండు సెల్లూ 1.3 వోల్టుల చుట్టూ చూపించాయి. ఆల్కలైన్ సెల్ కొత్తగా ఉన్నప్పుడు 1.5 వోల్టులు ఇస్తుంది. నికెల్ సెల్ మామూలు వోల్టేజీ 1.2 మాత్రమే, నిండుగా ఛార్జ్ అయి కాసేపు ఊరకున్న తరువాత 1.3, 1.4 మధ్య ఉంటుంది. ఆ లెక్కన రెండూ ఆరోగ్యంగానే ఉన్నట్టు. ఈ మాటే డాబా గార్డెన్స్‌లో ఎలక్ట్రానిక్ విడిభాగాలు అమ్మే ఒక పెద్దాయనతో అంటే, "ఊరికే కొలిస్తే అన్నీ మంచి సెల్లే సార్, లోడ్ పెట్టి చూడండి" అని, అంటే సెల్ నుంచి కరెంటు లాగుతుండగా కొలవమని, 4.7 ఓమ్‌ల రెసిస్టర్ ఒకటి చేతిలో పెట్టారు. పావు వాటుది వేడెక్కిపోతుందని ఒక వాటుది ఇచ్చారు. ఈ వ్యవహారమంతటిలో నేను పెట్టిన మొదటి ఖర్చు అదే, అన్నింటికంటే ఎక్కువ పనికొచ్చిందీ అదే.

ఆ రెసిస్టర్‌ను సెల్ రెండు కొసలకూ ఆనిస్తే సుమారు 250 మిల్లీ ఆంపియర్ల కరెంటు పారుతుంది. ఆట ఆడేటప్పుడు కంట్రోలర్ మామూలుగా తీసుకునేదాని కంటే ఇది ఎక్కువే కనుక పరీక్ష కాస్త కఠినమైనది. మొదటి సెల్ 1.31 నుంచి 1.24కు దిగి అక్కడే నిలబడింది. రెండవది 1.30 నుంచి ఒక్కసారిగా 1.08కి జారి, నేను చూస్తుండగానే పాయింటు తరువాతి అంకెలు ఒకటొకటిగా తరిగిపోయి, నిమిషం తిరగకుండా ఒక వోల్టు కిందికి వెళ్లిపోయింది. రెసిస్టర్ తీసేయగానే మళ్లీ మెల్లగా 1.2 దాటి, ఏమీ ఎరగనట్టు కూర్చుంది. ఉత్త మీటరు కొలతను ఎందుకు నమ్మకూడదో దీన్ని మించిన సాక్ష్యం అక్కరలేదు.

కంట్రోలర్‌లో రెండు సెల్లూ ఒకదాని వెనుక ఒకటిగా కలుస్తాయి కనుక, జోడెద్దుల్లో ఒకటి కుంటిదైతే బండి దాని నడకే నడవాలి. అంతకంటే చెడ్డ సంగతి, బలహీనమైన సెల్ ఖాళీ అయిపోయిన తరువాత కూడా బలమైనది దాని గుండా కరెంటును తోస్తూనే ఉంటే, ఖాళీ సెల్ ధ్రువాలు తారుమారై అది మరింత పాడవుతుంది. అందుకే పాతదీ కొత్తదీ, ఒక కంపెనీదీ ఇంకొక కంపెనీదీ జతకలిపి వేయకూడదంటారు.

ఒక సెల్ మాత్రమే ఇంతగా ఎందుకు చితికిందన్న ప్రశ్న నన్ను ఛార్జర్ దగ్గరికి తీసుకెళ్లింది. మా దగ్గరున్నది సెల్లతో పాటు ఉచితంగా వచ్చిన రకం. రెండు సెల్లనూ జంటగానే తీసుకుంటుంది, ఏది నిండిందో ఏది నిండలేదో విడివిడిగా చూడదు, లైటు ఎర్రగా వెలుగుతూనే ఉంటుంది. నికెల్ సెల్ నిండిన సమయంలో దాని వోల్టేజీ కొద్ది మిల్లీ వోల్టులు తగ్గుతుంది. మంచి ఛార్జర్ ఆ చిన్న తగ్గుదలను కనిపెట్టి ఆ సెల్‌కు కరెంటు ఆపేస్తుంది. ఆ తెలివి లేని ఛార్జర్ రాత్రంతా తోస్తూనే ఉంటుంది, నిండిన సెల్ చేయి పెట్టలేనంతగా కాగుతుంది. సెల్లు పెట్టే నాలుగు గదులనూ విడివిడిగా చూసే ఛార్జర్ ఒకటి తెప్పించి, పాతదాన్ని ఇంట్లో మరెవరూ వాడకుండా తీగ కత్తిరించేశాను.

కొత్త సెల్ల విషయంలో నా అభిప్రాయం ఒకటి ఉంది. డబ్బా మీద అంకె పెద్దగా ఉన్నదే మంచిదని అనుకుంటాము గానీ, మా ఇంట్లో మాదిరి శని, ఆదివారాల్లో మాత్రమే ఆడే వారికి 2500 మిల్లీ ఆంపియర్ అవర్లు (ఎంత ఛార్జ్ పడుతుందో చెప్పే కొలత) అని ఉన్న సెల్ కంటే 2000 చుట్టూ ఉండి ఛార్జ్‌ను నిలుపుకునే సెల్ మేలు. పాత తరం నికెల్ సెల్లు డ్రాయర్‌లో ఊరికే ఉన్నా కొన్ని వారాల్లోనే చాలావరకు దిగిపోయేవి. 2005లో సాన్యో ఎనిలూప్ పేరుతో తెచ్చిన రకం నుంచే ఏడాది తరువాత తీసినా పనికొచ్చే సెల్లు మార్కెట్లో స్థిరపడ్డాయి. ఆ దుకాణంలో యూఎస్‌బీ తీగతో ఛార్జ్ చేసే 1.5 వోల్టుల లిథియం పెన్సిల్ సెల్లు కూడా చూపించారు. వాటి లోపల ఉండే చిన్న సర్క్యూట్ చివరి వరకు 1.5 వోల్టులే ఇస్తుంది, ఆ తరువాత ఒక్కసారిగా ఆపేస్తుంది. కనుక తెర మీద బ్యాటరీ నిండుగా కనిపిస్తుండగానే ఆట మధ్యలో కంట్రోలర్ ఆగిపోతుంది. నాకు అది నచ్చలేదు, కొనలేదు. నికెల్ సెల్లతోనూ బ్యాటరీ గుర్తు పూర్తిగా నమ్మదగినది కాదు, ఎందుకంటే వాటి వోల్టేజీ చాలాసేపు ఒకే మట్టంలో ఉండి చివరన దబ్బున పడుతుంది; అయినా కాస్త ముందుగా హెచ్చరిక అందుతుంది.

ప్లేస్టేషన్ 4 కంట్రోలర్ దగ్గర ఓపిక ఇంకా ఎక్కువ కావలసి వచ్చింది. గేమ్ కన్సోల్‌ను రెస్ట్ మోడ్‌లో, అంటే పూర్తిగా ఆపకుండా నిద్రపుచ్చినట్టు పెట్టి, కంట్రోలర్‌కు తీగ తగిలిస్తే దాని లైటు నారింజ రంగులో మెల్లగా వెలిగి ఆరుతూ ఉండాలి. మాదానికి ఆ ఊసే లేదు. మొదట సెట్టింగులు చూశాను. రెస్ట్ మోడ్‌లో యూఎస్‌బీ పోర్టులకు కరెంటు ఎప్పుడూ ఇవ్వాలా, మూడు గంటలే ఇవ్వాలా, అసలు ఇవ్వకూడదా అనే ఎంపిక ఉంటుంది. అది ఆఫ్‌లో ఉంటే తెల్లవారే వరకు తీగ తగిలించినా చుక్క ఎక్కదు. మాది సరిగానే ఉంది. తరువాత తీగ మార్చాను. కొన్ని మైక్రో యూఎస్‌బీ తీగలలో కరెంటు తీగలు మాత్రమే ఉండి డేటా తీగలు ఉండవు. వాటితో ఛార్జింగ్ అవుతుంది గానీ కంట్రోలర్‌ను కన్సోల్‌కు జత చేయడం కుదరదు. ఈ తేడా తెలియక కంట్రోలర్‌ను తప్పుపట్టేవారు చాలామంది ఉంటారు. పోర్టులో పేరుకున్న నూగును చెక్క పుల్లతో తీశాను, వెనుక ఎల్2 బటన్ పక్కనున్న చిన్న రంధ్రంలో పిన్ను పెట్టి కొన్ని సెకన్లు నొక్కి రీసెట్ చేశాను. ఫలితం లేదు.

అప్పుడు విప్పాను. వెనుక నాలుగు స్క్రూలు తీసి, రెండు పిడుల దగ్గర నుంచి మెల్లగా విడదీయాలి. రెండు సగాలనూ కలిపే పలుచని రిబ్బన్ తీగ ఒకటి ఉంటుంది, గబుక్కున లాగితే అది తెగుతుంది. ప్యాక్ ఉబ్బలేదు. ఉబ్బి ఉంటే నేను దాన్ని ముట్టుకునేవాడిని కాదు. కనెక్టర్ ఊడదీసి మీటరు పెడితే 3.65 వోల్టులు ఉండవలసిన చోట దాదాపు సున్నా చూపించింది. ఆ కంట్రోలర్ ఒక పొడవైన విరామంలో, పడమటి ఎండ తగిలే గదిలో, ఖాళీ స్థితిలోనే డ్రాయర్‌లో పడి ఉంది. లిథియం ప్యాక్ వోల్టేజీ మరీ పడిపోతే లోపలి రక్షణ సర్క్యూట్ బయటికి వచ్చే దారిని మూసేస్తుంది. ఛార్జింగ్‌కు పెట్టి కాసేపు వదిలేస్తే ఒక్కోసారి అది మళ్లీ తెరుచుకుంటుంది, మాది తెరుచుకోలేదు.

ఇలాంటి ప్యాక్‌ను వేరే బ్యాటరీతో నేరుగా కరెంటు ఇచ్చి లేపవచ్చని మేనల్లుడు ఒక వీడియో చూపించాడు. నేను ఒప్పుకోలేదు. అంత లోతుగా దిగిపోయిన సెల్‌లో రుణధ్రువం వైపు ఉండే రాగి రేకు కొంత కరిగి ఉంటుంది. మళ్లీ ఛార్జ్ చేస్తే ఆ రాగి లోపల తప్పు చోట పేరుకుని షార్ట్ అయ్యే ప్రమాదం ఉంది. పిల్లలు చేత్తో పట్టుకునే వస్తువులో ఆ ప్రయోగం వద్దు.

కొత్త ప్యాక్ కొనేటప్పుడు రెండు సంగతులు చూసుకున్నాను. ఈ కంట్రోలర్ మొదటి తరానికీ, 2016లో వచ్చిన రెండవ తరానికీ బ్యాటరీ కనెక్టర్ పరిమాణం వేరు. వెనుక లేబుల్ మీద మోడల్ సంఖ్యలో జడ్‌సీటీ1 ఉందో జడ్‌సీటీ2 ఉందో చూసి చెప్పాలి. రెండవది, అసలు ప్యాక్ 1000 మిల్లీ ఆంపియర్ అవర్లది. అదే కొలతల ప్యాక్ మీద 2000 అని ముద్రించి అమ్మేవి కనిపించాయి; అంత చోటులో అంత శక్తి పడుతుందంటే నాకు నమ్మకం కలగలేదు, 1000 అని నిజాయితీగా రాసినదే తీసుకున్నాను. తగిలించే ముందు ఎరుపు, నలుపు తీగల వరుస పాతదానితో సరిపోయిందో లేదో మీటరుతో సరిచూశాను. మూత బిగించి తీగ పెట్టగానే నారింజ లైటు వచ్చింది, రెండు గంటలకు కాస్త అటూ ఇటూగా నిండి ఆరిపోయింది.

ఇప్పుడు సెల్లను జతలుగా మార్కర్‌తో అంకెలు వేసి, ఏ జత ఆ జతగానే వాడుతున్నాము. ప్లేస్టేషన్ కంట్రోలర్‌ను చాలాకాలం వాడమనుకున్నప్పుడు సగం ఛార్జ్‌లో ఆపి, తూర్పు గదిలోని బీరువాలో పెడుతున్నాము. నిండు ఛార్జ్, వేడి రెండూ కలిస్తే లిథియం ప్యాక్ త్వరగా ముసలిదవుతుంది. పాత ప్యాక్ కొసలకు టేపు చుట్టాను. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నియమాల ప్రకారం వాడేసిన వాటిని వెనక్కి తీసుకునే బాధ్యత తయారీదారులదే, చెత్తబుట్టలో వేయకూడదని సూచించే కొట్టివేసిన డబ్బా గుర్తు కూడా దాని మీద ఉంది. కొత్తది అమ్మిన దుకాణంవారు దాన్ని తీసుకున్నారు గానీ, చితికిన పెన్సిల్ సెల్ మాత్రం మాకెందుకండీ అని తిరిగి ఇచ్చేశారు.