ఫోర్‌క్లోజర్ రాష్ట్రానికో తీరు

అమెరికాలో ఇద్దరికి ఒకే బ్యాంకు, ఒకే వడ్డీకి, 30 ఏళ్ల లోను ఇచ్చిందనుకుందాం. ఇద్దరూ కిస్తీలు కట్టడం ఆపేశారు. ఇలా కట్టని అప్పు కింద ఇంటిని వేలం వేయించడమే ఫోర్‌క్లోజర్. టెక్సస్‌లో ఉన్నాయన ఇల్లు ఆరేడు నెలలకే వేలంలో పోవచ్చు. న్యూయార్క్‌లో ఉన్నాయన కేసు ఏళ్ల తరబడి కోర్టులో నలుగుతుంది. వేలం తర్వాత మిగిలిన బాకీ కోసం బ్యాంకు వెంటపడొచ్చా, పోయిన ఇంటిని డబ్బు కట్టి విడిపించుకోవచ్చా అన్నవి కూడా రాష్ట్ర చట్టమే తేలుస్తుంది. నోటీసు చేతికొచ్చిన రోజు వెతకాల్సింది బ్యాంకు కస్టమర్ కేర్ నంబరు కన్నా ముందు ఆ చట్టాన్ని.

అన్ని రాష్ట్రాలకూ వర్తించే ఫెడరల్ నియమం ఒకటుంది, 2014 జనవరి నుంచి అమల్లో ఉంది. బాకీ 120 రోజులు దాటేదాకా సర్వీసర్ ఫోర్‌క్లోజర్‌కు తొలి అడుగు వేయకూడదు. సర్వీసర్ అంటే నెలనెలా కిస్తీ వసూలు చేసే కంపెనీ. అప్పు అసలు యజమాని వేరే ఉండొచ్చు, చాలాసార్లు ఉంటాడు కూడా. ఈ 120 రోజుల రక్షణ మీరు స్వయంగా ఉంటున్న ఇంటికే. రెండో ఇల్లు కొని అద్దెకిచ్చినవాళ్లు దాన్ని నమ్ముకుని కూర్చుంటే మోసపోతారు.

ఈ నాలుగు నెలలే అన్నిటికన్నా విలువైనవి. ఇంటి ధర అప్పు కన్నా ఎక్కువుంటే అమ్మేయడానికి ఇదే అదను. ఉద్యోగం పోయిన హెచ్1బీ వాళ్లకైతే వీసా గడువు 60 రోజులే కాబట్టి అది ఇంటి గడువు కన్నా ముందే ముంచుకొస్తుంది. ఇల్లు నిలుపుకోవాలనుకుంటే లోను నిబంధనల మార్పు కోసం దరఖాస్తు పెట్టాలి. పూర్తి దరఖాస్తు వేలానికి 37 రోజులకు పైగా ముందే అందితే, దాని సంగతి తేల్చకుండా సర్వీసర్ వేలం వేయకూడదు. ఇక్కడ మెలిక "పూర్తి" అన్న మాట. ఆరు పేజీల బ్యాంకు స్టేట్‌మెంటులో ఖాళీగా ఉన్న చివరి పేజీ పంపకపోయినా, ఒకచోట సంతకం మరిచినా, పే స్టబ్ (జీతం చీటీ) పాతబడినా దరఖాస్తు అసంపూర్తి కిందే లెక్క. దరఖాస్తు వేలానికి కనీసం 45 రోజుల ముందు చేరితే ఏ కాగితాలు తక్కువయ్యాయో 5 పనిదినాల్లో రాతపూర్వకంగా చెప్పాలి. ఆ ఉత్తరం రాకపోతే ఊరుకోకండి. ఇంకో సంగతి, సగం కిస్తీ పంపితే అది బాకీలో జమ కాకపోవచ్చు. జమ చేయకుండా పక్కన పెట్టే సస్పెన్స్ ఖాతాలో పడి ఉంటుంది, ఆలస్యపు రోజుల లెక్క మాత్రం నడుస్తూనే ఉంటుంది.

ఆ 120 రోజులు దాటాక రాష్ట్రాలు రెండు దారులుగా విడిపోతాయి. ఫ్లోరిడా, న్యూయార్క్, న్యూజెర్సీ, ఇల్లినాయ్, ఒహాయో లాంటి చోట్ల బ్యాంకు కోర్టుకెక్కి తీర్పు తెచ్చుకోవాల్సిందే. టెక్సస్, కాలిఫోర్నియా, జార్జియా, అరిజోనా లాంటి చోట్ల మామూలు ఇంటి లోనుకు కోర్టుతో పనిలేదు. సంతకం పెట్టిన పత్రంలోనే అమ్మే అధికారం రాసి ఉంటుంది, దాన్నిబట్టి వేలం పెట్టేస్తారు.

టెక్సస్ తీరు దగ్గరగా చూస్తే ఎంత తొందరో అర్థమవుతుంది. సొంత నివాసమైతే బాకీ తీర్చుకోవడానికి కనీసం 20 రోజుల గడువిస్తూ ఉత్తరం. తర్వాత వేలానికి కనీసం 21 రోజుల ముందు నోటీసు మూడు చోట్లకు వెళ్లాలి: కోర్టు భవనంలో అంటించాలి, కౌంటీ క్లర్కు దగ్గర దాఖలు చేయాలి, మీకు సర్టిఫైడ్ మెయిల్‌లో పంపాలి. వేలం నెలలో మొదటి మంగళవారమే, ఉదయం 10 నుంచి సాయంత్రం 4 లోపు. నోటీసులో రాసిన సమయం నుంచి 3 గంటల్లో మొదలవ్వాలి. వేలం ముగిశాక ఇల్లు విడిపించుకునే హక్కు లేదు. చిత్రమేమిటంటే అదే టెక్సస్‌లో హెచ్ఓఏ (ఇళ్ల యజమానుల సంఘం) బాకీకి ఇల్లు పోతే 180 రోజులు, ప్రాపర్టీ టాక్స్ బాకీకి సొంత నివాసం పోతే 2 ఏళ్లు విడిపించుకునే వీలుంది. ఈక్విటీ అంటే ఇంటి ధరలోంచి అప్పు పోగా మీకు మిగిలే వాటా. దానిమీద తీసిన హోమ్ ఈక్విటీ లోనుకైతే వేలానికి ముందు కోర్టు ఉత్తర్వు కావాలి, మిగిలిన బాకీ మీ నెత్తిన పడదు.

కాలిఫోర్నియాలో వ్యవహారం కాస్త నిదానం. కిస్తీలు తప్పాయని చెప్పే డిఫాల్ట్ నోటీసు నమోదయ్యాక మూడు నెలలు ఆగాలి, ఆపైన వేలం నోటీసుకు కనీసం 20 రోజులు. వేలానికి 5 పనిదినాల ముందు దాకా పాత బాకీ, ఖర్చులు కట్టేసి లోను మళ్లీ మామూలుగా నడుపుకోవచ్చు, మొత్తం అప్పు తీర్చక్కర్లేదు.

న్యూయార్క్‌లో బ్యాంకుకు పరీక్ష కవరు దగ్గరే మొదలవుతుంది. కేసు వేయడానికి 90 రోజుల ముందు నోటీసు రావాలి. అది 14 పాయింట్ల అక్షరాల్లో ఉండాలి, మామూలు పోస్టులోనూ సర్టిఫైడ్ లేదా రిజిస్టర్డ్ పోస్టులోనూ రెండు విధాలా పంపాలి, కనీసం 5 కౌన్సెలింగ్ సంస్థల వివరాలుండాలి. పంపామని రుజువు చూపలేక బ్యాంకులు ఓడిన కేసులు కోకొల్లలు. ఆ తర్వాత సమన్లు, రాజీ సమావేశం, బాకీ లెక్కగట్టే రెఫరీ, తీర్పు, అప్పుడు వేలం. మొత్తం అప్పు ఒకేసారి కట్టమని పిలిచిన రోజు నుంచి 6 ఏళ్లలో కేసు వేయాలి. కేసు వెనక్కి తీసుకుని ఆ 6 ఏళ్లను మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టుకునే ఎత్తుగడకు 2022 డిసెంబరు 30న వచ్చిన చట్టం తలుపు మూసింది.

ఆలస్యం ఇంటివాడికి లాభమే అనిపిస్తుంది. సగమే నిజం. కేసు నడిచినన్నాళ్లూ వడ్డీ, లాయరు ఖర్చులు, బ్యాంకు తన జేబులోంచి కట్టిన టాక్స్, ఇన్సూరెన్స్ అన్నీ బాకీలో కలుస్తాయి. ఇంట్లో ఈక్విటీ ఉన్నవాడు కోర్టులో గడిపే ప్రతి ఏడాదీ తన సొమ్మునే కరిగించుకుంటున్నట్టు. ఈక్విటీ ఏమీ లేనివాడికే సమయం నిజంగా కలిసొస్తుంది.

అప్పిచ్చినవాళ్ల వైపు కూడా ఆలస్యానికి ధర ఉంది, చివరికి దాన్ని కొత్తగా అప్పు తీసుకునేవాళ్లూ మోస్తారు. కోర్టు తప్పనిసరైన రాష్ట్రాల్లో లోన్లు 3 నుంచి 7 శాతం చిన్నవిగా ఉంటున్నాయని 2006లో వచ్చిన ఒక ఆర్థిక పరిశోధన తేల్చింది. 2012లో ఫెడరల్ హౌసింగ్ ఫైనాన్స్ ఏజెన్సీ కనెక్టికట్, ఫ్లోరిడా, ఇల్లినాయ్, న్యూజెర్సీ, న్యూయార్క్‌లలో లోన్లపై అదనపు రుసుము వేద్దామని ప్రతిపాదించింది కూడా. అలాగని బ్యాంకుల మీద జాలిపడక్కర్లేదు. చదవకుండానే వేల అఫిడవిట్లపై సంతకాలు చేయించిన బాగోతం 2010లో బయటపడ్డాక, 2012లో అయిదు పెద్ద సర్వీసర్లు 49 రాష్ట్రాలతో 2500 కోట్ల డాలర్ల ఒప్పందానికి రావాల్సొచ్చింది.

వేలం తర్వాత మిగిలే బాకీ అసలు తలనొప్పి. టెక్సస్‌లో 4,00,000 డాలర్ల అప్పుంటే ఇల్లు 3,30,000కు పోయిందనుకోండి. బ్యాంకు 2 ఏళ్లలోపు 70,000కు దావా వేయొచ్చు. అప్పుడు న్యాయమైన మార్కెట్ ధర తేల్చమని మీరు కోర్టును అడగాలి. అది 3,85,000 అని తేలితే మీ బాకీ 15,000కు దిగుతుంది. అడగకపోతే ఎవరూ తగ్గించరు. జార్జియాలో ఈ భారం బ్యాంకుది. వేలమైన 30 రోజుల్లో కోర్టుకు నివేదించి ధర సరైనదేనని ఖరారు చేయించుకోకపోతే మిగిలిన బాకీ అడిగే హక్కు పోతుంది. న్యూయార్క్‌లో డీడ్ (ఇంటి హక్కు పత్రం) చేతులు మారిన 90 రోజుల్లో బ్యాంకు అడగాలి. కాలిఫోర్నియాలో ఇల్లు కొనడానికి తీసుకున్న లోనుకు ఈ బెడద లేదు. కానీ తర్వాత వేరే బ్యాంకులో తీసుకున్న రెండో లోను ఉంటే ఆ బ్యాంకు విడిగా దావా వేయగలదు. బ్యాంకు బాకీ మాఫీ చేసినా మాఫీ సంగతి పన్ను శాఖకు తెలిపే 1099-సి ఫారం రావొచ్చు, మాఫీ అయిన మొత్తం ఆదాయంగా లెక్కకొస్తుంది. అప్పటికి ఆస్తుల కన్నా అప్పులే ఎక్కువున్నాయని ఫారం 982తో చూపిస్తే ఆ మేరకు పన్ను తప్పుతుంది.

మిషిగన్‌లో చాలా ఇళ్లకు వేలం తర్వాత 6 నెలలు విడిపించుకునే హక్కుంటుంది. ఆ ఆర్నెల్లూ ఇంట్లోనే ఉండొచ్చు, ఆలోగా అమ్ముకోవచ్చు కూడా. కొన్నవాడికి ఇల్లు వెంటనే చేతికి రాదు కాబట్టి ఆ మేరకు పాట తగ్గించే పాడతాడు. ఇంటివాడికి దక్కిన ఆర్నెల్ల ఖరీదు అలా మిగిలిన బాకీలోనే తేలొచ్చు.

చివరి నిమిషంలో వేలాన్ని ఆపగలిగేది దివాలా పిటిషను. దివాలా చట్టంలోని చాప్టర్ 13 కింద పాత బాకీని 3 నుంచి 5 ఏళ్లలో తీర్చుకోవచ్చు, కొత్త కిస్తీలు మాత్రం తప్పకుండా కట్టాలి. వేలం పాట ముగియకముందే దాఖలవ్వాలి, అయ్యాక వేస్తే ఇల్లు వెనక్కి రాదు. గత ఏడాదిలో ఒక పిటిషను కొట్టేసి ఉంటే ఈసారి రక్షణ మామూలుగా 30 రోజులే.

తాళాలు పంపేసి ఇండియా వెళ్లిపోతే సరిపోతుందనుకునేవాళ్లున్నారు. కోర్టు రాష్ట్రాల్లో సమన్లకు జవాబివ్వకపోతే తీర్పు ఏకపక్షంగా వస్తుంది. ఫ్లోరిడాలో జవాబుకు గడువు 20 రోజులే. టెక్సస్‌లో నోటీసు మీకు చేరిందా లేదా అన్నది లెక్కలోకి రాదు. సర్వీసర్ దగ్గరున్న మీ ఆఖరి చిరునామాకు పోస్టులో వేస్తే చాలు. ఊరు మారినా దేశం మారినా ముందు కొత్త చిరునామాను సర్వీసర్‌కు రాతపూర్వకంగా ఇచ్చి, అందినట్టు రసీదు దాచుకోండి.