నడుస్తూ ప్రార్థిస్తూ

ఈమధ్య పొద్దున్నే నడుస్తూ ప్రార్థన చేసుకుంటున్నాను. వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు వ్యాయామం కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. నాకు ఆ నిమిషాల్లోనే దేవునితో మాట్లాడుకునే తీరిక కూడా దొరుకుతోంది. ఒంట్లో ఓపిక ఉంటేనే కదా నలుగురికీ సాయపడగలిగేది.

రాజకీయాల దగ్గరికొచ్చేసరికే మనసుకు కష్టం. వార్తలు చూస్తే టెన్షన్. నచ్చని నాయకుడి పేరు ప్రార్థనలో పలకాలంటే నోరు రాదు. రాజుల కోసం, అధికారులందరి కోసం ప్రార్థించమంటుంది బైబిల్లో తిమోతికి రాసిన మొదటి పత్రిక (ఉత్తరం), రెండో అధ్యాయం. మంచి రాజుల కోసమే అనలేదు! ఆ మాట మొదట విన్నవాళ్లు రోమా చక్రవర్తుల కింద బతికినవాళ్లు. చక్రవర్తిని ఎన్నుకునే హక్కు వాళ్లకు లేదు. నాకు ఓటుంది. అందుకే పేరు పెట్టి ప్రార్థిస్తాను, తప్పు చేస్తే అడుగుతాను కూడా. తప్పు చేసిన దావీదు రాజంతటివాణ్ని నాతాను ప్రవక్త ఎదురుగా నిలబడి, ఆ తప్పు చేసినవాడివి నువ్వే అన్నట్టుగా "ఆ మనుష్యుడవు నీవే" అన్నాడు. ప్రార్థించడమంటే నోరు మూసుకోవడం కాదని నేను గట్టిగా నమ్ముతాను.

ఒక్కటి మాత్రం నాకు అస్సలు నచ్చదు: ఓటు ఎవరికెయ్యాలో చర్చిలో ప్రసంగ వేదిక మీద నుంచి చెప్పడం. పక్క వరుసలో కూర్చున్న సహోదరుడిది వేరే పార్టీ కావచ్చు, ప్రభువును తలచుకుంటూ రొట్టె విరిచేది ఇద్దరం కలిసే.