ఐ-20 చేతికొచ్చేదాకా

కాకినాడ జేఎన్‌టీయూలో బీటెక్ అయ్యాక అమెరికాలో ఎంఎస్ సీటొచ్చింది. సీటు రావడం వేరు, ఐ-20 రావడం వేరు. ఆ కాగితం లేనిదే స్టూడెంట్ వీసాకి అప్లై చేయలేం. మొదటి ఏడాది ఫీజుకీ, ఖర్చులకీ సరిపడా డబ్బుందని చూపిస్తేనే యూనివర్సిటీ అది ఇస్తుంది.

మాది అంబాజీపేట దగ్గర ఊరు. నాన్న దగ్గర పట్టాదారు పాసుపుస్తకాలున్నాయి, బ్యాంకులో బ్యాలెన్సు లేదు. కొబ్బరి మీద వచ్చేదానికి ఇన్‌కంటాక్స్ లేదు కాబట్టి చూపించడానికి రిటర్నులూ లేవు. కన్సల్టెన్సీ వాళ్లు "అకౌంట్లో డబ్బు మేమే వేసి చూపిస్తాం, కమీషన్ ఇవ్వండి చాలు" అన్నారు. అప్లికేషన్లకి వాడిన మెయిల్ పాస్‌వర్డ్ కూడా వాళ్ల దగ్గరే ఉంది. నాన్న బయటికొచ్చి "ఆ పని మనకొద్దమ్మా" అనేశారు.

అందుకని నా సొంత మెయిల్ నుంచి యూనివర్సిటీలో విదేశీ విద్యార్థుల ఆఫీసుకి రాశాను. అక్కడ పొద్దున్న పదైతే మనకి రాత్రి ఏడున్నర. భోజనాల వేళకి జవాబొచ్చేది. తోట విలువ లెక్కలోకి రాదు, బ్యాంకు లోన్ శాంక్షన్ లెటరైతే సరిపోతుంది అని అడ్వైజర్ తేల్చి చెప్పారు. మా బ్యాంకు మేనేజరుగారేమో వ్యవసాయ భూమి తాకట్టుకి పనికిరాదన్నారు. చివరికి అమలాపురంలో అమ్మ పేరునున్న ఇల్లు పెట్టాం. ఈసీలు, లీగల్ ఒపీనియన్, వేల్యుయేషన్ అంటూ తిరిగిన తిరుగుడు చెప్పుకుంటే చాంతాడంత.

ఆ అడ్వైజర్ మెయిల్ అడుగున నాఫ్సా సభ్యురాలు అని ఉండేది. ఏమిటా అని చూస్తే, ఇలాంటి ఉద్యోగాల్లో ఉన్నవాళ్ల సంఘమట. రెండో ప్రపంచయుద్ధం తర్వాత అమెరికా కాలేజీలకి విదేశీ విద్యార్థులు ఎక్కువగా రావడం మొదలైతే, వాళ్లని చూసుకునే సలహాదారులు 1948లో పెట్టుకున్నారు. 1990లో పూర్తి పేరు మార్చుకున్నా నాఫ్సా అన్న పొట్టి పేరు ఉంచేసుకున్నారు. ఇప్పుడు రూల్స్ మారినప్పుడు సభ్యులకి శిక్షణ, ఏటా మహాసభ అన్నీ ఉన్నాయి. ఆవిడ ఏ ప్రశ్నకీ తడుముకోకపోవడం ఎందుకో అర్థమైంది. పైగా మన దగ్గర పైసా తీసుకోరు, ఆ జీతం యూనివర్సిటీ ఇస్తుంది. ఇంత పని ఊరికే చేసిపెట్టే మనిషి అక్కడ కూర్చుని ఉన్నారని మా బ్యాచ్‌లో సగం మందికి తెలియదు.

ఇక పేరు గొడవ. నా పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీ, ఇంటిపేరుతో సహా అంతా గివెన్ నేమ్‌లోనే ఉంది. మనవాళ్లలో చాలామందికి ఇంతే. అలాగే వెళ్తే వీసా మీద పేరంతా సర్‌నేమ్‌లోకి పోయి, అసలు పేరు చోట ఎఫ్‌ఎన్‌యూ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్, అంటే పేరు తెలియదు) అని పడుతుంది. చదువు ఆగదు గానీ తర్వాత లైసెన్సు, బ్యాంకు దగ్గర ప్రతిసారీ సంజాయిషీ చెప్పుకోవాలి. టైముంది కదా అని పాస్‌పోర్టు రీఇష్యూ చేయించాను. దాంతో ఐ-20లో కూడా పేరు మార్చాలి. కొత్త ఐ-20 కావాలంటే సెవిస్ (విదేశీ విద్యార్థుల వివరాలుండే అమెరికా ప్రభుత్వ రికార్డు) ఫీజు 350 డాలర్లు మళ్లీ కట్టాలని కన్సల్టెన్సీలో బెదరగొట్టారు. అడ్వైజర్‌ని అడిగితే, పేరు సరిదిద్దినా సెవిస్ నంబరు అదే ఉంటుంది, కట్టింది చాలు అన్నారు. అలాగే జరిగింది.

హైదరాబాద్‌లో ఇంటర్వ్యూ గురించి చెప్పడానికేం లేదు. ఎవరు చదివిస్తున్నారని అడిగారు, లోన్ అన్నాను, అయిపోయింది.

టికెట్ దగ్గర మాత్రం మా మామ్మకీ అమెరికా రూలుకీ పడలేదు. ఆషాఢం రాకముందే బయల్దేరాలని ముహూర్తం పెట్టించింది. ఐ-20లో ఉన్న కోర్సు మొదలయ్యే తేదీకి 30 రోజులకి మించి ముందు దేశంలోకి రానివ్వరని అడ్వైజర్ రాశారు. ఆ మెయిల్ తెలుగులో చదివి వినిపిస్తే మామ్మ కాసేపు మాట్లాడలేదు. తర్వాత పంతులుగారికి తనే ఫోన్ చేసి శ్రావణంలో ఇంకో రోజు చూడమంది.