దెయ్యం సినిమాకు మూసుకోవాల్సింది కళ్లు కాదు

దెయ్యాల సినిమాలంటే నాకు చిన్నప్పటి నుంచీ హడల్. 2009 సంక్రాంతికి అరుంధతి వచ్చినప్పుడు మదనపల్లెలో మా బడి పిల్లలంతా "వదల బొమ్మాళీ" అంటూ ఒకరినొకరు తరుముకునేవాళ్లు. నేను ఆ సినిమా చూడకుండానే, టీవీలో ప్రకటన వచ్చినప్పుడు వినపడే ఆ గొంతుకే బెదిరిపోయి, రాత్రిళ్లు బాత్రూమ్‌కి వెళ్లాలంటే అమ్మను లేపేదాన్ని. మాయలూ మంత్రాలూ ఉన్న సినిమాలు ఎన్నయినా చూసేదాన్ని. హత్యలూ పోలీసులూ ఉన్నవీ చూసేదాన్ని. దెయ్యం అనగానే మాత్రం నాకేదో పని గుర్తొచ్చేది.

బెంగళూరులో ఉద్యోగం వచ్చి, బీటీఎం లేఅవుట్‌లో మా పిన్ని కూతురితో కలిసి ఇల్లు అద్దెకు తీసుకున్నాక తప్పించుకునే దారి లేకపోయింది. మా చెల్లికి ఈ సినిమాలంటే ప్రాణం. పోనీ ఒక్కతే చూస్తుందా అంటే చూడదు. పక్కన ఒకరు వణుకుతూ ఉంటే తప్ప దానికి మజా రాదు. "అక్కా, నీకు భయం ఎట్లా పోదో నేనూ చూస్తా" అని నా శనివారాలన్నీ రాయించేసుకుంది.

మొదట కామెడీ కలిపినవి పెట్టింది. ప్రేమకథా చిత్రమ్, ఆనందో బ్రహ్మ లాంటివి. రెండోదాంట్లో దెయ్యాలే మనుషుల్ని చూసి భయపడతాయి, ఆ ఆలోచన నాకు బాగా నచ్చింది. కానీ వీటివల్ల భయం తగ్గుతుందనుకుంటే పొరపాటే. నవ్వొచ్చేచోట నవ్వుతాం, తలుపు కిర్రుమన్నచోట మామూలుగానే జడుసుకుంటాం. పైగా 2013 తర్వాత కొన్నేళ్లు పాత బంగళా, నలుగురు కమెడియన్లు, ఒక తెల్లచీర అంటూ తీసిందే తీసి అరగదీశారు. వాటిలో గుర్తుండేవి తక్కువ.

అసలు పాఠం రాంగోపాల్ వర్మ దగ్గర మొదలైంది. 1992 నాటి రాత్రి సినిమాను పట్టపగలు, కర్టెన్లన్నీ తీసి, పొయ్యి మీద కుక్కర్ కూతల మధ్య చూశాను. అయినా ఆ సెల్లారూ, ఆ పిల్లీ, రేవతి కళ్లూ నన్ను వదల్లేదు. సగంలో చెల్లికి ఫోన్ వచ్చి టీవీని మ్యూట్‌లో పెట్టింది. బొమ్మ అదే. కెమెరా అలాగే వెనకనుంచి మెల్లగా పాకుతూ వస్తోంది. నాకు మాత్రం ఏమీ కావడం లేదు. ఎవరో అమ్మాయి ఎందుకో నోరు తెరుస్తోంది, అంతే. చెల్లి ఫోన్ పెట్టేసి మళ్లీ సౌండ్ పెట్టగానే గుండె దడదడ.

అప్పటిదాకా నేను చేస్తున్నది కళ్లు మూసుకోవడం. కళ్లు మూసుకుంటే చప్పుడు ఇంకా గట్టిగా వినిపిస్తుంది, తెరమీద ఉన్నదానికంటే ఘోరమైనది మనమే ఊహించుకుంటాం. మూసుకోవాల్సింది చెవులు. ఆ రోజు నుంచీ రిమోట్ నా చేతిలోకి వచ్చింది. భయపెట్టే సీన్ రాబోతుంటే వాల్యూమ్ తగ్గించి చూసేదాన్ని. ఏముందో తెలిశాక వెనక్కి తిప్పి, కాస్త పెంచి మళ్లీ చూసేదాన్ని. చెల్లికి చిర్రెత్తుకొచ్చేది. "సినిమా చూస్తున్నామా, ఆడిట్ చేస్తున్నామా అక్కా?" అనేది. నేను చేసే ఉద్యోగం కూడా అదే కాబట్టి నాకేమీ అనిపించలేదు.

అలా తిప్పి తిప్పి చూస్తే కిటుకులు తెలిసొచ్చాయి. దెయ్యం వచ్చే ముందు ఫ్యాను చప్పుడు, కుక్క అరుపు, వాన అన్నీ ఆగిపోతాయి. ఆ ఆగడాన్ని పసిగడితే సగం పని అయినట్టే. ఇంకోటి, మనిషిని ఫ్రేములో ఒక పక్కకు జరిపి రెండో పక్క ఖాళీ వదిలారంటే ఆ ఖాళీ ఎవరి కోసమో అర్థం చేసుకోవాలి. బాత్రూమ్ అద్దం గురించి చెప్పనే అక్కర్లేదు. అయితే ఈ లెక్క మనకు తెలుసని మంచి దర్శకుడికీ తెలుసు. జేమ్స్ వాన్ తీసిన ది కంజూరింగ్‌లో ఆ తల్లి సెల్లార్ మెట్ల మీద అగ్గిపుల్ల వెలిగించుకుని కూర్చుంటుంది. నేను చీకట్లోంచి ముఖం వస్తుందని వాల్యూమ్ తగ్గించి సిద్ధంగా ఉన్నాను. ముఖం రాలేదు. పక్కనుంచి రెండు చేతులు వచ్చి చప్పట్లు కొట్టాయి. రిమోట్ సోఫా కింద దొరికింది.

వర్మదే భూత్ (2003) ఇంకో రకం దెబ్బ. పాటల్లేవు, పాత బంగళా లేదు. అపార్ట్‌మెంట్, లిఫ్ట్, కింద వాచ్‌మన్. పాడుబడ్డ బంగళా అయితే నాకేం, నేను అక్కడికి వెళ్లనుగా. ఇది మేం ఉండే ఇల్లే! వారమంతా లిఫ్ట్ మానేసి మెట్లెక్కి వస్తుంటే కింద ఉండే ఓనర్ ఆంటీ "ఏమ్మా, డైటింగా?" అని అడిగారు. కారణం చెప్పాక చాలాసేపు నవ్వి, ఆదివారం టీవీలో ఆప్తమిత్ర వస్తుంది, ఇద్దరూ కిందికి రండి అన్నారు. నా భయానికి మలుపు ఆంటీ వాళ్ల హాల్లోనే వచ్చింది.

ఆప్తమిత్ర కథ మనకు చంద్రముఖిగా తెలిసిందే. 1993లో ఫాజిల్ మలయాళంలో తీసిన మణిచిత్రతాళు దానికి మూలం. కన్నడంలో 2004లోనూ, తమిళంలో మరుసటి ఏడాదీ తీసింది పి. వాసు. కన్నడంలో దెయ్యం పట్టే అమ్మాయి వేషం సౌందర్యది. ముళబాగిలు తాలూకాలో పుట్టిన అమ్మాయి, మనకేమో ఇంట్లో ఆడపిల్ల. 2004 ఏప్రిల్ 17న ఇక్కడి జక్కూరు నుంచి ఎన్నికల ప్రచారానికి బయల్దేరిన చిన్న విమానం కూలి ఆమె చనిపోయింది. సినిమా ఆ తర్వాత ఆగస్టులో వచ్చింది. టైటిల్స్‌లో ఆమె పేరు పడగానే ఆంటీ "నమ్మ సౌందర్య" అన్నారు. చెల్లి ఊరుకోకుండా "మా సౌందర్య కూడా" అంది. అమ్మోరు, అంతఃపురం అని ఈమె లెక్క చెప్పడం, ఆవిడ కన్నడ సినిమాలు లెక్క చెప్పడం. ఆ వాదనలో పడి నేను భయపడటం మర్చిపోయాను.

బెంగళూరులో ఇన్నేళ్లున్నా నా కన్నడం కూరగాయల అంగడి దాటలేదు. డైలాగుల్లో సగం అర్థం కాక ఆంటీ ముఖం చూస్తూ కూర్చున్నాను. అంతలో సౌందర్య వేసిన గంగకు నాగవల్లి దెయ్యం పట్టింది, ఒక్కసారిగా తెలుగు మాట్లాడటం మొదలుపెట్టింది. ఆంటీ చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. అప్పటిదాకా మనింటి పిల్లలా ఉన్న మనిషి పరాయి భాష మాట్లాడితే ఒళ్లు జలదరించక ఏం చేస్తుంది? నాకు మాత్రం ప్రాణం లేచొచ్చింది. సినిమా మొత్తంలో ఒక్క ముక్క పోకుండా నాకు అర్థమైంది దెయ్యం మాటలే. "చూడమ్మా, దెయ్యం కూడా మీ వైపుదే. మీకు ఇల్లిచ్చేముందు ఆలోచించాల్సింది" అన్నారు ఆంటీ.

తర్వాత చెల్లి ఒక లెక్క తీసింది. మలయాళంలో ఆ దెయ్యం తమిళం మాట్లాడుతుంది. కన్నడంలో తెలుగు, తమిళంలోనూ తెలుగు. చంద్రముఖిని తెలుగులోకి డబ్ చేసినప్పుడు దెయ్యాన్ని తమిళామెను చేసి "వారాయ్" అని పాడించారు. హిందీ భూల్ భులయ్యాలో బెంగాలీ. ఎవరింట్లోనూ దెయ్యం సొంత భాషది కాదు. అర్థం కానంతసేపే భయం అన్న సంగతి అన్ని భాషల దర్శకులకూ తెలుసన్నమాట. నేనే ఆలస్యంగా తెలుసుకున్నాను.

ఇంట్లో రిమోట్ ఉంటుంది, సినిమా హాల్లో ఉండదు. మసూద 2022 నవంబర్‌లో వచ్చినప్పుడు చెల్లి మల్టీప్లెక్స్‌లో మధ్య సీట్లు బుక్ చేసింది. అక్కడ శనివారం టికెట్ల డబ్బుతో మా ఊళ్లో ఇంటిల్లిపాదీ సినిమా చూసి టిఫిన్ కూడా చేసి రావచ్చు. అందుకైనా లేచి వెళ్లకూడదని కూర్చున్నాను. చెవుల్లో చూపుడు వేళ్లు పెట్టుకుని, మరీ గట్టిగా కాకుండా కొంచెం వదులుగా. మాట వినపడుతుంది, బాంబు పేలినట్టు వచ్చే ఆ సంగీతం పదును తగ్గుతుంది. వెనక వరసలో కుర్రాళ్లు నన్ను చూసి నవ్వుకున్నారు. నవ్వుకోనీ.

ఆ సినిమాలో నాకు నచ్చింది దెయ్యం కాదు, గోపీ. పక్కింటి టీచరమ్మ కూతురికి ఏదో పట్టింది, సాయానికి వచ్చినవాడు నాలాగే పిరికివాడు. తిరువీర్ ఆ వణుకును చక్కగా చేశాడు. హీరో మీసం మెలేసి దెయ్యాన్ని సవాలు చేస్తే మనకేం భయం వేస్తుంది? వాడు భయపడుతూ కూడా తలుపు తీస్తేనే కదా మన గుండె జారేది. మొదటి సగం నన్ను కుర్చీకి అతికించేసింది. రెండో సగంలో మసూద ఎవరు, ఎక్కడిది, ఏం జరిగింది అని చెప్పుకొచ్చేసరికి నా చెవుల్లోంచి వేళ్లు వాటంతటవే కిందికి దిగాయి. విరూపాక్షను 2023లో మడివాళ వైపు తెలుగు సినిమాలు ఆడే హాల్లో చూశాం. అక్కడా ఇదే జరిగింది. రుద్రవనం ఊరిని అష్టదిగ్బంధనం చేసి, లోపల చావులు మొదలయ్యేసరికి ఊపిరాడలేదు. చివర్లో ఎవరు, ఎందుకు అని విప్పి చెబుతుంటే చల్లగా పాప్‌కార్న్ తిన్నాను. అంతవరకూ భయపెట్టిన సంగీతం అజనీష్ లోక్‌నాథ్‌ది, కాంతారకు చేసినాయనే. కాంతారలో గొంతు చించుకుని అరిచే ఆ కేక నాకు ఇంకా చెవుల్లో ఉంది.

మన దర్శకులకు దెయ్యానికి ఫ్లాష్‌బ్యాక్ చెప్పకపోతే తృప్తి ఉండదు. దానికో ఊరు, పేరు, అన్యాయం, పగ అన్నీ చెప్పాక అది దెయ్యం కాదు, కోర్టులో వాయిదాలకు తిరిగే మనిషి. జాలి వేస్తుంది, భయం వేయదు. అరుంధతి సంగతి వేరు, అందులో ఫ్లాష్‌బ్యాకే అసలు కథ. మొత్తానికి ధైర్యం చేసి చూశాక అది నాకు దెయ్యం సినిమాలా అనిపించలేదు, జేజమ్మ వీరగాథలా అనిపించింది. ఇక నన్ను చిన్నప్పుడు అంత బెదరగొట్టిన పశుపతి గొంతు డబ్బింగ్ చెప్పిన రవిశంకర్‌దని చెబితే ఓనర్ ఆంటీ "ఎవరు, మన ఆర్ముగమా!" అన్నారు. కన్నడ కెంపేగౌడలో ఆయన వేసిన విలన్ పేరట. ఆంటీకి ఆయనంటే చాలా ముచ్చట.

దెయ్యం సంగతి తెలిశాక భయం పోతుందన్న నా ఈ సిద్ధాంతానికి అడ్డు తగిలింది హిందీ సినిమా తుంబాడ్. 2018లో వచ్చినప్పుడు పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 2024 సెప్టెంబర్‌లో మళ్లీ విడుదల చేస్తే మొదటిసారి కంటే ఎక్కువ వసూలు చేసింది. మేం చూసింది అప్పుడే. హస్తర్ ఎవరో, దానికి ఏం కావాలో, ఏం పెడితే దగ్గరికి వస్తుందో మొదట్లోనే చెప్పేస్తారు. గోధుమపిండి బొమ్మ, చుట్టూ పిండితో గీసిన గిరి, గోచీలోంచి రాలే బంగారు నాణేలు. దాచింది ఏమీ లేదు. అయినా వేళ్లు చెవుల్లోంచి తీయలేకపోయాను. అన్నీ తెలిసిన మనిషి నాణెం కోసం మళ్లీ మళ్లీ ఆ బావిలోకి దిగుతుంటాడు. ఆ దిగడం చూస్తుంటేనే కడుపులో తిప్పుతుంది. ఆ వాన తడిని రాబట్టడానికి ఎన్నో వర్షాకాలాల పాటు షూటింగ్ చేశారు, తెరమీద గోడలు కూడా నాచు పట్టినట్టే ఉంటాయి.

ముందే అన్నీ చెప్పేయడం నిజానికి మాయల సినిమాల పద్ధతి. జగదేకవీరుడు అతిలోకసుందరి 2025 మే 9న, మొదట విడుదలైన తేదీనే, మళ్లీ వచ్చినప్పుడు నాకు ఇది తట్టింది. ఉంగరం లేకపోతే ఇంద్రజ స్వర్గానికి వెళ్లలేదు. ఆ ఒక్క ముక్క ఆరేళ్ల పిల్లకు కూడా అర్థమవుతుంది, కథంతా దానిమీదే నడుస్తుంది. హను-మాన్‌లోనూ అంతే, మణికి సూర్యుడి వెలుగు తగలాలి, రాత్రయితే మన హీరో మామూలు మనిషే. కల్కి అంత పెద్ద లోకం కట్టినా, అమితాబ్ అశ్వత్థామగా లేచి నిలబడేదాకా నాకు ఎవరి గోల ఏమిటో పట్టుబడలేదు.

థ్రిల్లర్ల గురించి నాకు పెద్ద ఫిర్యాదులు లేవు, ఒక్క సైకో కిల్లర్ చిన్నతనం తప్ప. ప్రతివాడికీ బడిలో ఎవరో అవమానం చేసి ఉంటారు. దృశ్యంలో ఏం జరిగిందో మనకు మొదటే తెలుసు, దొరుకుతాడా లేదా అన్నదే టెన్షన్. ఆ దారిలో వెళ్లినవాళ్లు తక్కువ. ఇక్కడ ఉండేవాళ్లు తప్పకుండా చూడాల్సింది పవన్ కుమార్ కన్నడంలో తీసిన యు టర్న్ (2016). సమంతతో తెలుగులోనూ వచ్చింది గానీ, కన్నడంలోనే చూడండి. డబుల్ రోడ్ ఫ్లైఓవర్ మీద అడ్డుగా పెట్టిన రాళ్లు జరిపి బళ్లు తిప్పేవాళ్ల కథ. నేను ఆఫీసుకు స్కూటీ మీద ఆ ఫ్లైఓవర్ ఎక్కినప్పుడల్లా, ట్రాఫిక్ ఎంత ఆగినా, డివైడర్ వైపు చూడను.

ఇప్పుడు శనివారాలు ఏ సినిమా చూడాలో నేనే చెబుతున్నాను. మమ్ముట్టి భ్రమయుగం నేను పట్టుబట్టి పెట్టించిందే. నలుపు తెలుపులో, వానలో, ఒకే ఇంట్లో తీశారు, వాల్యూమ్ తగ్గించకుండా చూశాను. హాల్లో అయితే మాట్నీయో, ఫస్ట్ షోనో. సెకండ్ షోకు మాత్రం రమ్మన్నా రాను. దెయ్యం భయంతో కాదు. అర్ధరాత్రి దాటాక బీటీఎంకు ఆటో అడిగి చూడండి, మీటరు మీద రెట్టింపు అన్నా వాళ్లు ఒప్పుకోరు.